బొగ్గు కడిగే పని

ధన్‌బాద్ దగ్గర కాలనీ
12 జూన్ 1994

మామకు, అత్తకు రేణుక దండాలు.

మూడు రోజులు బండ్లు మారుకుంట వచ్చి చేరిన. అత్త కట్టిచ్చిన సర్వపిండి నాగపూర్ దాటంగనే ఒడిసింది. ఎదురు సీట్ల ఇద్దరు ముసలోళ్ళకు పెట్టిన, వాళ్ళు ఇంకింత అడిగిండ్రు. అత్తకు చెప్పు.

కార్ఖానా మేనేజర్ విశ్వజిత్ సారు టేషన్‌కు జీపు పంపిండు. మల్యాల దొరల మనుమడు అంటే నువ్వు మొకం ముడుసుకున్నవు గని మనిషి మంచోడే ఉన్నడు. "మా తాత తాళ్ళకు కల్లు మీ తాతనే గీసెటోడట గదా" అన్నడు. అవునన్న. గంతే, మళ్ళ ఆ ముచ్చట తీయలే.

ఇది బొగ్గు కడిగే కార్ఖానా. నన్ను ల్యాబుల ఏసిండ్రు. నా పని మందు కలుపుడు. చుక్క ఎక్కువైనా కష్టమే, తక్కువైనా కష్టమే. సరిగ్గ పడ్డదనుకో, నురుగు పొంగి తొట్టి అంచు దాటుకుంట వస్తది. నీ చెయ్యి మంచిదని మొదటి రోజే మెచ్చుకున్నరు. ల్యాబుల ఆడపిల్లను నేనొక్కదాన్నే.

సిరిసిల్ల నర్సక్క అని ఒకామె ఉంది. మగ్గాలు బందయి మొగడు పెండ్లాం ఇద్దరు ఇటు వచ్చిండ్రు. వాళ్ళింట్లనే నాకొక అర్ర ఇచ్చింది. తెలుగు మాట వినవడితే చాలు, ఆమె కండ్లల్ల నీళ్ళు తిరుగుతయి. రంది పెట్టుకోకు.

నీ కోడలు
రేణుక


ఎల్లారెడ్డిపేట
4 జులై 1994

బిడ్డా రేణుకా,

నీ జాబు అందింది. చదివి పక్కకు పెట్టిన. మళ్ళ తీసి చదివిన. మీ అత్త ఏం రాసింది ఏం రాసింది అని ఒకటే అడుగుడు. సుఖంగ ఉన్నదట అని చెప్పిన. కడుమది చెప్పలే.

బొగ్గును ఎవలన్న కడుగుతరా బిడ్డా? పాలతోని కడిగినా బొగ్గు తెల్లగ కాదని మీ అమ్మమ్మ అనేది. నేను సదివింది ఏడో తరగతే, గని కల్లు సంగతి నాకు ఎవ్వలు చెప్పే పని లేదు. మందు కలిపితే నురుగు పొంగేది లోకంల ఒక్కటే ఉంది.

మీ నాయిన దేవదాసు కోరుట్ల కల్లు డిపోల గదే పని చేసిండు. నిషా ఎక్కనీకె కల్లుల తెల్లపొడి కలిపెటోడు. "నీ చెయ్యి మంచిది" అని వాన్ని సుత మెచ్చుకున్నరు. ముందుగాల మందికి పోసిండు, తర్వాత తాను మరిగిండు. ఒకపారి పొడి దొరకకపోతే చేతులు వణికి, ఎవలెవలో మీదికి వస్తున్నరని మొత్తుకొని మూడొద్దులకు పానం ఇడిసిండు. నీకు గప్పుడు ఆరేండ్లు. మీ అమ్మ లేదాయె, నేనే నిన్ను సంకకు ఎత్తుకొని బస్సెక్కిన. నీకు యాదికుందో లేదో.

సారా బందయినంక కల్లుకు గిరాకి పెరిగింది. డిపోవాళ్ళు నన్ను సుత పొడి కలుపుమంటుండ్రు. కలుపకుంటె తాగెటోళ్ళకు ఆనుతలేదట. నా దుకాణం కాడ ఈగలు తప్ప ఎవ్వలు లేరు. అయినా కలుప. చెట్టెక్కి దించిందే అమ్ముత, అమ్ముడువోకుంటె పారవోస్త.

జగిత్యాల హాస్టల్ల ఉంచి నిన్ను బీయెస్సీ సదివించింది దొరోళ్ళ డిపోల పొడి కలుపనీకేనా? నేను కోపంతోని రాస్తలేను, భయంతోని రాస్తున్న. నిజం రాయి. నిజమే అయితే గా కొలువు ఇడిసిపెట్టి రా. గంజి తాగి బతుకుదం.

మొగిలయ్య


ధన్‌బాద్
19 జులై 1994

మామకు దండాలు.

నీ జాబు చదివి ముందు నవ్విన, తర్వాత ఏడ్సిన. నా నాయిన ఎట్ల పోయిండో నాకు యాదికున్నది మామా. బస్సుల నువ్వు నా మొకానికి తువ్వాల అడ్డం పెట్టి ఎండ తలుగకుండ పట్టుకున్నది సుత యాదికున్నది. గసుంటి నేను పొడి కలుపుతనా? గంత మాట ఎట్ల రాసినవు?

తప్పు నాదే. మందు అని రాసిన గని ఏం మందో రాయలే. ఇప్పుడు అన్నీ చెప్పుత, అత్తకు సుత చదివి వినిపియ్యి.

ఇక్కడి బొగ్గు మంచిది కాదు. అండ్ల మన్ను, రాయి కలిసి ఉంటది. కొలిమిల ఏస్తే సగం బూడిదే మిగులుతది, ఉక్కు కార్ఖానావాళ్ళు తీసుకోరు. పెద్ద పెళ్ళలను నీళ్ళల్ల ఏసి, బరువును బట్టి బొగ్గు, రాయి అలగ తీస్తరు. పొడి ఉన్నదే, పిండి తీరు, దాన్ని గట్ల తీయరాదు. గందుకే గా పొడిని నీళ్ళల్ల కలిపి తొట్టిల పోస్తరు. దాంట్ల రెండు రకాల నూనెలు చుక్కలు చుక్కలు పడుతయి. ఒకటి డీజిల్ అసుంటిది, ఇంకోటి దేవదారు నూనె, ఫినాయిల్ వాసన కొడుతది. కింద మర తిరుగుతది, గాలి ఊదుతది. బొగ్గుకు నీళ్ళంటే పడది, నూనెంటే ఇష్టం. నూనె పూసుకొని బుడగను పట్టుకొని పైకి వస్తది. మన్నుకు నీళ్ళంటేనే ఇష్టం, కింద ఉండిపోతది. పైకొచ్చిన నల్ల నురుగును రెక్కలు గీరి తీస్తయి. గా నురుగే మామా మంచి బొగ్గు.

తర్వాత నేను ఒక గ్రాము తీసి, మంట పెట్టెల కాల్చి, మిగిలిన బూడిదను తూచి చూస్త. బూడిద ఎంత తక్కువుంటె బొగ్గు గంత మంచిది. గిదే నా పని. ఎవ్వలు తాగరు దీన్ని.

కోపం ఇడిసి జాబు రాయి. నీ అక్షరం చూడక మనసు మనసుల లేదు.

రేణుక


ఎల్లారెడ్డిపేట
18-8-1994

చి. రేణుకకు,

నీ ఉత్తరం అందినది. విషయములు తెలిసినవి. ఇక్కడ అందరము కుశలము. వర్షములు సరిగా లేవు. నీ పని నీవు జాగ్రత్తగా చేసుకొనుము. ఇంటికి రావలసిన అవసరము లేదు.

ఇట్లు
మొగిలయ్య


ధన్‌బాద్
3 సెప్టెంబర్ 1994

మామకు,

ఆరు ముక్కల జాబు అందింది. నీ చేతిరాత సుత కాదు అది. నాకు రాసుడు సుత నీకు ఇష్టం లేక వేరేటోళ్ళతోని రాయించినవు. "ఇంటికి రావలసిన అవసరము లేదు" అని రాయించినవు. మంచిది. నీ కోపం సల్లారేదాంక నేను రాను.

ఇన్నొద్దులు నువ్వే నాకు అమ్మ, నాయిన. నిజం రాయిమన్నవు, రాసిన. నమ్మకపోతే నేనేం చేయాలె?

ఇక్కడ సుత ఏం బాగలేదు. చెప్పద్దనుకున్న గని దాసి లాభమేంది. వానలు పడ్డకాడినుంచి నురుగు సరిగ్గ వస్తలేదు. వచ్చినా పల్సగ, మురికిగ వస్తది. బూడిద నూటికి పంతొమ్మిది దాటద్దు, ఇరవై ఆరు వస్తుంది. నూనె పెంచుమంటడు ఫోర్‌మన్. పెంచితే ఇంకింత పాడైంది. పైనుంచి సారుకు హుకుం వచ్చిందట, దీపావళి ముందటి సోమవారం పెద్దోళ్ళు వచ్చి పరీక్ష చేస్తరు, గప్పటికి సక్కగ కాకపోతే ఈ నురుగు తొట్లు బంద్. మేం నలభై మందిమి కాంట్రాక్టోళ్ళం ఇంటికి పోవుడే. నర్సక్క మొగడు సుత అండ్లనే ఉన్నడు. మగ్గం పోయె, ఇదీ పోతే యేడికి పోవాలె అని నర్సక్క పొయ్యి ముందట కూసుండి అన్నది.

నేను ఒకటే ఆలోచన చేస్తున్న. నూనె అదే, బొగ్గు అదే, మర అదే. మారింది ఏంది?

అత్తకు దండాలు. నీకు సుత.

రేణుక


ఎల్లారెడ్డిపేట
22-9-1994

చి. రేణుకకు,

నీ ఉత్తరం చదివినాను. నాకు నీ మీద కోపము లేదు. నురుగు పాడైనదని వ్రాసినావు. కల్లు పులిసి చెడిపోకుండా మేము కుండ లోపల సున్నము పూస్తాము. అక్కడ కూడా సున్నము వేసి చూడుము. ఇక్కడ అందరము కుశలము.

ఇట్లు
మొగిలయ్య

రేణుకా, నేను బాలలక్ష్మిని, అంగన్‌వాడీ టీచర్ను. మీ మామ ఉత్తరాలు నేనే రాస్తున్నాను. ఈ ముక్క ఆయనకు తెలియకుండా రాస్తున్నాను. ఆగస్టు రెండున మీ మామ తాడిచెట్టు మీది నుంచి పడ్డాడు. మోకు తెగింది. చెట్టు మొదట్లో దున్నిన మెత్తటి మన్ను ఉండబట్టి ప్రాణం దక్కింది. కుడి భుజం, మణికట్టు విరిగినవి. సిరిసిల్ల ఆసుపత్రిలో పన్నెండు రోజులు ఉన్నాడు. ఇప్పుడు పట్టీ కట్టుకొని ఇంట్లోనే ఉంటున్నాడు. నీకు తెలిస్తే కొలువు వదిలేసి వస్తావని నా నోరు కట్టేశాడు. నీ మొన్నటి ఉత్తరం చదివి నా చేతికిచ్చి గోడ దిక్కు తిరిగి పడుకున్నాడు, ఆ పూట అన్నం ముట్టలేదు. నా ముందు ఆయనకు మాట పెగలదు, అందుకే ఉత్తరాలు అట్లా పొడిగా ఉంటున్నాయి. నువ్వు వేరే తీరుగా అనుకుంటున్నావని చూసి ఊకోలేకపోయాను.


ధన్‌బాద్
4 అక్టోబర్ 1994

మామా,

బాలలక్ష్మి టీచర్ మీద కోపం జెయ్యకు. ఆమె రాయకపోతే నేను ఇంకా నిన్ను తప్పుగనే అనుకునేదాన్ని.

ఆ చివరి ముక్క చదివి ల్యాబుల నేల మీదనే కూలవడ్డ. ఫోర్‌మన్ నీళ్ళు తెచ్చిచ్చిండు. నువ్వు బతికే ఉన్నవు అన్నది ఒక్కటి పట్టుకొని లేసిన. చెయ్యి ఇరిగి మంచంల ఉన్నోనికి నేను ఎన్ని మాటలు రాసిన! చేతిరాత నీది కాదని ఎత్తిపొడిసిన. ఆ చెయ్యి ఏమైందో అని ఒక్కపారి సుత ఆలోచన చెయ్యలే. నన్ను మన్నించు.

వేళ్ళు కదులుతున్నయా? డాక్టర్ ఏమన్నడు? అన్నం ఎవలు తినిపిస్తుండ్రు? నువ్వు ఊ అంటె రేపే బయలెల్లుత. పరీక్ష ముప్పై ఒకటి తారీకు. అది ఎట్లన్న కానీ, నాకు నీ తర్వాతనే.

నీ సున్నం సంగతి చెప్పాలె. నువ్వు చెప్పినవని, ఒక చిన్న సీసాల సున్నం నీళ్ళు పోసి చూసిన. నురుగు మొత్తమే సచ్చింది. ఫోర్‌మన్ ఒకటే నవ్వుడు. నేను సుత నవ్వి సీసా కిటికీల పెట్టి, పోయి నీ జాబు ఇంకోపారి చదువుకున్న. గంటకు వచ్చి చూస్తే మామా, మురికి నీళ్ళల్ల మన్నంత అడుగుకు దిగింది. మీద నీళ్ళు బావి నీళ్ళ తీరు తేటగ ఉన్నయి.

గప్పుడు తట్టింది. మేం వాడే నీళ్ళు చెరువుకు పోయి మళ్ళ తొట్లకే తిరిగి వస్తయి. వానలకు గా చెరువు నిండ బంకమన్ను చేరింది. ఆ సన్నపు మన్ను బొగ్గును పట్టుకొని నురుగుతోని పైకి వస్తుంది. మారింది నీళ్ళు! వెంటనే బోరింగు నీళ్ళతోని చేసి చూసిన. బూడిద పదిహేడు వచ్చింది. చెరువు నీళ్ళతోని ఇరవై ఆరు. మూడుసార్లు చేసిన, మూడుసార్లు అంతే.

సారుకు చెప్పిన. "నూనెను తిట్టుకుంట కూసున్నం గదా" అన్నడు. సున్నం తొట్టిల కాదు, చెరువుల ఏయాలని అనుకుంటున్నం. గని ఇదంత ఇంకెవలన్న చూసుకుంటరు. నువ్వు రమ్మను, వస్త.

రేణుక


ఎల్లారెడ్డిపేట
16 అక్టోబర్

రేణుకా

ఎడమ చేత్తోని రాస్తున్న. ఒక్కొక్క అక్షరం పీత నడిసినట్టు ఉన్నది. ఎట్లన్న చదువుకో.

రాకు. పరీక్ష అయినంక రా.

వేళ్ళు కదులుతున్నయి. మీ అత్త తినిపిస్తది. ముద్ద పెద్దగ చేసి నోట్ల కుక్కుతది, మాట్లాడనియ్యది. నలభై ఏండ్ల కసి తీర్సుకుంటుంది.

పడ్డది చెప్పకపోవుడు తప్పు. నువ్వు పొడి కలుపుతున్నవని అనుకున్నది ఇంకా పెద్ద తప్పు. నీ రెండో జాబు వచ్చిన్నాడే అనుకున్న, తప్పయింది బిడ్డా అని రాయాలని. తెల్లారి చెట్టెక్కిన, పడ్డ. తర్వాత టీచరమ్మ ముందట గా మాట నోట్లెకెల్లి రాలే. మొగోన్ని, సిగ్గయింది. గందుకే ఈ ఎడమ చేతి పాట్లు.

ఇంకోటి. కమ్మరి రాజమల్లు కాడినుంచి బొగ్గుపొడి తెప్పిచ్చిన. బొగ్గు, ఎర్రమన్ను కుండల కలిపిచ్చిన. దీపంల పోసే గ్యాసునూనె నాలుగు చుక్కలు, ఇంత కుంకుడు రసం. మీ అత్తకు కవ్వం ఇచ్చి చిలుకుమన్న. పిచ్చి లేసిందా అన్నది. అయినా చిలికింది. నల్లటి నురుగు లేసింది బిడ్డా. ఎర్రమన్ను కిందనే ఉన్నది. అత్త, రాజమల్లు, నేను కుండ సుట్టు కూసుండి చూసినం. మీ అత్త అన్నది, బొగ్గును నిజంగనే కడుగుతరా అని. కండ్లు నిండినయి.

నలభై మంది కడుపు నీ చేతుల ఉన్నది. వాళ్ళను ఇడిసి నా మంచం కాడికి వస్తె నేను ఊకోను.

మామ


ధన్‌బాద్
4 నవంబర్ 1994

మామా,

నీ ఎడమ చేతి జాబు నర్సక్కకు చదివి వినిపిచ్చిన. కవ్వం కాడికి రాంగనే ఆమె నవ్వి నవ్వి కొంగు నోట్లె పెట్టుకున్నది.

అయిపోయింది మామా. గెలిచినం.

నువ్వు రాకన్నవని ఉండిపోయిన. పదిహేను రోజులు నలభై మందిమి చెరువు కాడనే ఉన్నం. చెరువుకు నడుమ కట్ట ఏసినం. ఒక దిక్కు సున్నం కలిపి మన్నును దింపుడు, ఇంకో దిక్కు తేట నీళ్ళను తొట్లకు పంపుడు. ముందు సున్నం ఎక్కువ పడి నురుగు మళ్ళ సచ్చింది, రెండు రోజులు పోయినయి. తగ్గిచ్చుకుంట తగ్గిచ్చుకుంట వచ్చినం. నీళ్ళు మంచిగయినంక నూనె సుత మూడోవంతు తక్కువే పట్టింది.

సోమవారం పెద్దోళ్ళు ముగ్గురు వచ్చిండ్రు. నురుగు నల్లగ, మందంగ, పట్టు లెక్క మెరుసుకుంట అంచు దాటింది. వాళ్ళ ముందటనే తీసి కాల్చిన. తూచేటప్పుడు ఫోర్‌మన్ నా ఎనుక నిలవడి "నిమ్మళం బేటీ, నిమ్మళం" అన్నడు. పద్దెనిమిది వచ్చింది. ఇంకోపారి చేయిమన్నరు. ఇంకింత తక్కువే వచ్చింది. తొట్లు బంద్ చెయ్యరు. నలభై మందిల ఒక్కలు సుత పోరు.

బయటికి వచ్చి చెప్పంగనే నర్సక్క మొగడు మన్నుల కూసున్నడు. ఎన్ని నెలల నుంచి పట్టుకున్న శ్వాస ఇడిసినట్టు.

సారు పెద్దోళ్ళకు చెప్పిండు, ఇది మా రేణుక కనిపెట్టిందని. సున్నం సంగతి మా మామ చెప్పిండని నేనన్న. "ఏం చేస్తరు మీ మామ?" అని అడిగిండ్రు. నేను చెప్పకముందే సారు అందుకున్నడు. "కల్లు గీస్తడు. మా తాత తాళ్ళు వాళ్ళ నాయిననే గీసిండు. మాకన్న నురుగు సంగతి వాళ్ళకే ఎక్కువ తెలుసు" అన్నడు. సారు నోటి నుంచి గా మాట వస్తదనుకోలే. నా మనసు నిమ్మళమైంది.

ఇరవై రోజుల సెలవు ఇచ్చిండ్రు. ఇరవై రెండు తారీకున ఎక్కుత. ఇరవై ఆరు, శనివారం పొద్దుగాల సిరిసిల్లల దిగుత. మోకు పట్టుకొని మళ్ళ చెట్ల దిక్కు చూస్తున్నవా ఏంది? ఇప్పుడే చెప్పుతున్న, చూసినవంటె ఊకోను.

రేణుక


ఎల్లారెడ్డిపేట
14 నవంబర్ 1994

బిడ్డా రేణుకా,

నీ జాబు శనివారం అందింది. గిది కుడి చేత్తోనే రాస్తున్న. పట్టీ ఇప్పిండ్రు. నాలుగు వరుసలు రాసి ఆగుడు, చెయ్యి దులుపుకొని మళ్ళ రాసుడు. పొద్దటినుంచి గిదే పని.

పద్దెనిమిది అంటె ఎక్కువనా తక్కువనా అని మీ అత్త అడిగింది. తక్కువ ఉంటేనే మంచిదే అంటె, ఇదేం లెక్క, మార్కులు తక్కువొస్తె మంచిదా అన్నది. అయినా ఊరంత తిరిగి చెప్పొచ్చింది. రాజమల్లు కొలిమి కాడ ఇప్పుడు గిదే ముచ్చట.

చెట్టు ఇగ ఎక్క. డాక్టర్ అన్నందుకు కాదు. మొన్న తాడికింద నిలవడి మీదికి చూసి, భయమై ఎనుకకు మర్లిన. ముందు సిగ్గయింది, తర్వాత అనుకున్న, పానం ఉన్నది, చాలు. డిపోవాళ్ళు మళ్ళ వచ్చిండ్రు, చెట్టెక్కే పని లేదు, ఊకె దుకాణంల కూసుండు, పొడి మేమే కలిపి పంపుతం అన్నరు. దుకాణం తాళం చెవి వాళ్ళ ముందటనే మీ అత్త చేతుల పెట్టిన. అండ్ల ఇప్పుడు ఆమె బీడీలు చేసుకుంటుంది, ఇంకో నలుగురు ఆడోళ్ళు కలిసి. నవ్వులు ఇనవడుతున్నయి, ఎన్నడు లేంది.

ముత్యంపేట చక్కెర కార్ఖానాల చెరుకు సీజన్ మొదలైతుంది. గేటు కాడ బండ్లకు చీటీలు రాసే మనిషి కావాలెనట. చెయ్యి మంచిగైతె వచ్చే నెల రమ్మన్నరు. గందుకే రాసుడు మరుగుతున్న.

నువ్వు వస్తున్నవని తెలిసినకాడినుంచి నిద్ర మంచిగ పడుతుంది. ఇన్ని నెలలు పండుకున్నట్టే లేకుండె. నిన్న పొద్దెక్కినా లేవకపోతే మీ అత్త భయపడి ముక్కు కాడ ఏలు పెట్టి చూసిందట.

మల్యాల సారు అన్న మాట రెండుసార్లు చదివిన. మా నాయిన ఉంటె ఏమనెటోడో. నేనైతె కొద్దిసేపు బయట తిరిగొచ్చిన.

శనివారం మొదటి బస్సుకే నేను సిరిసిల్లకు వస్త. నీ బండి ఆలస్యమైనా, పొద్దుగూకినా బస్టాండు ఇడువ. సంచులు నేను మోస్తనని కొట్లాటకు రాకు, ఎడమ చెయ్యి మంచిగనే ఉన్నది.

మీ మామ
మొగిలయ్య